నేల చెప్పినట్టు గీసే ఆట

వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు వెళ్లేటప్పుడు కిటికీలోంచి నేల రంగు చూడండి. అనంతగిరి కొండల దగ్గర నేల ఇటుక పొడిలా ఎర్రగా ఉంటుంది. ధారూర్ దాటి ముందుకు పోయేకొద్దీ నల్లరేగడి, అందులో కంది చేలు కనిపిస్తాయి. తాండూరు చేరేసరికి పలకలు పలకలుగా లేచే నాపరాయి, దాన్ని తవ్వగా మిగిలిన గుంతలు, రాతి ముక్కల గుట్టలు ఎదురౌతాయి. సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణంలో మూడు రకాల నేలలు!

ఈ నేల మీద ఒక ఆటస్థలం గీయమని మీతో అన్నారనుకోండి. కబడ్డీకి అయితే కష్టం లేదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చదును చేసి సున్నంతో గీతలు గీస్తే చాలు. క్రికెట్ పిచ్ వికారాబాద్‌లోనైనా, లండన్‌లోనైనా 20.12 మీటర్లే. నేల ఎలాంటిదైనా కొలత మారదు. కాని గీతలు లేని, కొలతలు లేని ఆటస్థలం ఒకటుంది. అక్కడ నేలే ఆటను నిర్ణయిస్తుంది. అదే గోల్ఫ్ మైదానం.

గోల్ఫ్ ధనవంతుల ఆట కదా, మనకెందుకు అంటారా? ఆట మనం ఆడకపోవచ్చు. కాని ఆ మైదానాన్ని గీయటంలో మట్టి, నీరు, గడ్డి, కాంతి, ఘర్షణ అన్నీ కలిసి ఉన్నాయి. అవన్నీ మీ పాఠ్యపుస్తకంలోని విషయాలే. పైగా పదుల హెక్టార్ల భూమి, లక్షల లీటర్ల నీరు దీనితో ముడిపడి ఉన్నాయి. ఆ భూమి, ఆ నీరు ఎవరో ఒక ఊరివే కదా!

కొలతలు లేని మైదానం

గోల్ఫ్ ఒక విధంగా మన గోటీలాట వంటిదే. దూరం నుంచి గోటీని గుంటలోకి చేర్చటం గోటీలాట. దూరం నుంచి చిన్న బంతిని కర్రతో కొట్టి గుంటలోకి చేర్చటం గోల్ఫ్. కాకపోతే ఇక్కడ దూరం 100 మీటర్ల నుంచి 500 మీటర్ల దాకా ఉంటుంది. ఇలాంటి గుంటలు 18. తక్కువ దెబ్బలతో అన్ని గుంటలూ ముగించినవాడే గెలుస్తాడు.

మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు. అక్కడి నుంచి గడ్డి కత్తిరించిన బాట ఫెయిర్‌వే. చివర గుంట చుట్టూ తివాచీలా నున్నగా కత్తిరించిన పచ్చిక గ్రీన్. మధ్యలో ఇసుక గుంతలు, వాగులు, చెట్లు అడ్డం వస్తాయి. ఆ ఇసుక గుంతలకు బంకర్లని పేరు. మొత్తం మైదానానికి 50, 60 హెక్టార్లు కావాలి. ఇంతటిలో నిబంధనల ప్రకారం కొలత స్థిరంగా ఉండేది గుంటకే. దాని వ్యాసం 108 మిల్లీమీటర్లు. 1891లో స్థిరపడిన ఈ కొలత ఇప్పటికీ మారలేదు. మిగిలినదంతా మైదానం గీసినవాడి తెలివి, నేల స్వభావం.

ఈ ఆట స్కాట్లండ్ సముద్ర తీరంలో, ఇసుక దిబ్బల మీద పెరిగింది. సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్లోని పాత మైదానాన్ని ఏ ఒక్కరూ గీయలేదు. గాలి దిబ్బలను పోసింది. గొర్రెలు గడ్డిని కత్తిరించాయి. అవి గాలికి చాటుగా పడుకున్న చోట గడ్డి పోయి ఇసుక గుంతలు ఏర్పడ్డాయని చెబుతారు. వాన నీరు ఇసుకలో ఇట్టే ఇంకిపోయేది. పొలానికి పనికిరాని నేల ఆటకు పనికొచ్చింది. తరువాత వచ్చిన గొప్ప రూపశిల్పులందరికీ పాఠశాల ఆ మైదానమే.

మైదానాలు గీసిన డాక్టరు

వారిలో ముఖ్యుడు అలిస్టర్ మెకెంజీ. ఆయన 1870లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో విజ్ఞానశాస్త్రం, వైద్యం చదివి డాక్టరయ్యాడు. దక్షిణ ఆఫ్రికాలో 1899 నుంచి 1902 వరకు జరిగిన బోయర్ యుద్ధంలో సైనిక వైద్యుడుగా పనిచేశాడు. అక్కడ ఆయన దృష్టి గాయాల మీదనే కాదు, నేల మీద కూడా పడింది.

బోయర్లు రైతులు. సంఖ్యలో కొద్దిమంది. అయినా పెద్ద సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. ఎలా? వారి కందకాలు కనిపించేవి కావు. తవ్విన మట్టిని కుప్పగా పోయకుండా చుట్టుపక్కల నేలలో కలిసిపోయేలా సర్దేవారు. ఉన్న కందకాన్ని కనబడకుండా, లేని కందకాన్ని ఉన్నట్టుగా చూపేవారు. మనిషి చేసింది ప్రకృతి చేసినట్టు కనిపిస్తే కన్ను దాన్ని పట్టుకోలేదని మెకెంజీ గ్రహించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన సైనికులకు ఈ విద్యే నేర్పాడు.

ఇదే సూత్రాన్ని మైదానాలకు కూడా ఉపయోగించాడు. 1914లో ఒక ఆంగ్ల పత్రిక పెట్టిన రూపకల్పన పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. 1920లో గోల్ఫ్ మైదానాల నిర్మాణం గురించి పుస్తకం రాశాడు. వైద్యం వదిలి దేశదేశాలు తిరిగాడు. ఆస్ట్రేలియాలోని రాయల్ మెల్బోర్న్, అమెరికాలోని సైప్రస్ పాయింట్, ఆగస్టా నేషనల్ మైదానాలకు ఆయనే రూపశిల్పి. ఆగస్టాను బాబీ జోన్స్ అనే గొప్ప ఆటగాడితో కలిసి గీశాడు.

ఆయన ఆలోచన సులభమైనది. కొండను తవ్వవద్దు, వాగును పూడ్చవద్దు. నేల వాలును కాగితం మీదికి ఎక్కించు, ఆ వాలులోనే ఆటను వెతుకు. అప్పుడు ఖర్చు తక్కువ, అందం ఎక్కువ. ఆ రోజుల్లో కొన్ని మైదానాల్లో వందకు పైగా బంకర్లుండేవి. ఆగస్టాలో ఆయన మొదట పెట్టినవి 22 మాత్రమే. ఆ మైదానం 1933లో లాంఛనంగా మొదలైంది. కాని పచ్చిక పరుచుకున్నాక మెకెంజీ దాన్ని చూడనే లేదు. 1934 జనవరిలో ఆయన కన్నుమూశాడు.

రెండు దారుల సూత్రం

మెకెంజీకి ముందు చాలామంది మైదానాలను శిక్ష వేసే బడిలా గీసేవారు. బంతి కొద్దిగా పక్కకు పోయిందా, ఇసుకలో పడాల్సిందే. బలం లేనివాడు ఆటను అసహ్యించుకునేవాడు. మెకెంజీ, ఆయన కాలపు మరి కొందరు దీన్ని మార్చారు. ప్రతి గుంటకూ కనీసం రెండు దారులుండాలన్నారు. ఒకటి దగ్గరి దారి, ప్రమాదం ఎక్కువ. ఇంకొకటి చుట్టు దారి, ప్రమాదం తక్కువ. ఏది ఎంచుకోవాలో ఆటగాడే తన శక్తిని చూసుకుని నిర్ణయించుకోవాలి.

సైప్రస్ పాయింట్ మైదానంలో 16వ గుంట దీనికి పేరుపొందిన ఉదాహరణ. అక్కడ టీకి, గ్రీన్‌కు మధ్య పసిఫిక్ మహాసముద్రం పాయలా లోపలికి వచ్చి ఉంటుంది. సూటిగా కొడితే బంతి సుమారు 200 మీటర్లు నీటి మీదుగా ఎగరాలి. ఎడమ పక్కన మాత్రం నేల ఉంది. భయపడేవాడు అటు కొట్టి, రెండో దెబ్బకు గ్రీన్ చేరవచ్చు. ఇంత దూరం ఎగరటం సాధ్యమేనా అని నిర్మాణ సమయంలో సందేహం వచ్చింది. అప్పుడు మేరియన్ హోలిన్స్ అనే ఆమె బంతి పెట్టి, కొట్టి, అవతలి గట్టుకు చేర్చి చూపించిందని చెబుతారు. ఆమె 1921లో అమెరికా మహిళల ఛాంపియన్. తరువాత పాసాటియెంపో అనే మరో మైదానాన్ని ఆమే పూనుకుని కట్టించింది. దాన్ని గీసింది కూడా మెకెంజీయే. 1929లో అది మొదలైంది. ఆయన చివరి రోజులు ఆ మైదానం పక్కన ఇంట్లోనే గడిచాయి.

రెండు దారుల సూత్రాన్ని మీరు నోటు పుస్తకంలో పరీక్షించవచ్చు. ఒక కాగితం మీద టీని, గ్రీన్‌ను గుర్తించండి. రెంటికీ మధ్య ఒక వాగును అడ్డంగా గీయండి. ఇప్పుడు అందరికీ ఒకటే దారి. దాటగలిగినవాడు దాటుతాడు, లేనివాడు మునుగుతాడు. అదే వాగును ఏటవాలుగా గీసి చూడండి. ఒక పక్క దాటడానికి 100 మీటర్లు చాలు, మరో పక్క 180 మీటర్లు కావాలి. ఎంత ధైర్యం చేస్తే గ్రీన్‌కు అంత దగ్గరవుతారు. ఒక గీతను కొద్దిగా తిప్పితే బలపరీక్ష కాస్తా బుద్ధి పరీక్షయింది!

కన్ను చేసే పొరపాటు

బోయర్ల కందకాల విద్య గుర్తుంది కదా? మెకెంజీ దాన్ని బంకర్లకు ఇలా వాడుకున్నాడు. గ్రీన్‌కు 20, 30 మీటర్ల ముందు ఒక బంకర్ తవ్వి, దాని ముందు అంచును కొద్దిగా పైకి లేపుతారు. దూరం నుంచి చూసేవాడికి ఆ అంచు మధ్యలోని నేలను మూసేస్తుంది. దాంతో బంకర్, గ్రీన్ ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తాయి. ఆటగాడు దూరాన్ని తక్కువగా అంచనా వేస్తాడు.

దీన్ని మీ బడి ఆవరణలో చేసి చూడండి. 60 మీటర్ల దూరంలో ఒక కర్ర పాతండి. కర్రకు 10 మీటర్ల ముందు ఒక ఇటుక పెట్టండి. మిత్రుణ్ణి దూరంగా నిలబెట్టి, ఇటుకకూ కర్రకూ మధ్య ఎన్ని మీటర్లుందో చెప్పమనండి. తరువాత ఇటుక స్థానంలో మోకాలెత్తు మట్టి కుప్ప పోసి, మరో మిత్రుణ్ణి అడగండి. పది మందిని అడిగి సగటు తీయండి. కుప్ప ఉన్నప్పుడు అంచనా తగ్గిందా? దూరాన్ని కన్ను నేరుగా కొలవదు. మధ్యలో కనిపించే నేలను బట్టి లెక్క కడుతుంది. ఆ నేల కనిపించకపోతే లెక్క తప్పుతుంది.

అది మన గరికే!

మైదానం మీది పచ్చిక ఎక్కడిది? చలి దేశాల్లో వాడే గడ్డి మన ఎండకు మాడిపోతుంది. వేడి ప్రాంతాల్లో గోల్ఫ్ మైదానాలను కాపాడేది బెర్ముడా గడ్డి. పేరు చూసి ఎక్కడో దీవుల నుంచి వచ్చిందనుకోవద్దు. వినాయక చవితికి మీరు కోసుకొచ్చే గరికే అది! దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్.

గరికకు రెండు రకాల పాకుడు కాండాలున్నాయి. ఒకటి నేల మీద, ఒకటి నేల కింద. పైన పశువులు మేసినా, కాళ్లతో తొక్కినా, యంత్రంతో కత్తిరించినా కిందినుంచి మళ్లీ చిగురిస్తుంది. రైతు దీన్ని కలుపు అని తిట్టే కారణమూ ఇదే, ఆటగాడు మెచ్చుకునే కారణమూ ఇదే. అమెరికాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞులు గరికను దక్షిణ ఆఫ్రికాకు చెందిన దాని దాయాది జాతితో సంకరం చేశారు. 1965లో వెలువడిన టిఫ్‌డ్వార్ఫ్ అలాంటిదే. దాన్ని కొద్ది మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించినా బతుకుతుంది.

ఎర్రనేల, నల్లనేల

గడ్డి దొరికింది. మరి నేల? గోల్ఫ్ మైదానం గీసేవాడు మొదట వేసే ప్రశ్న, వాన కురిస్తే నీరు ఎటు పోతుంది అని.

అనంతగిరి కొండల పైభాగం లాటరైట్ అనే ఎర్రరాయి. ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు ఎక్కువగా ఉన్న రాయి ఇది. వేల వేల ఏళ్ల వానలు మిగిలిన లవణాలను కడిగివేయగా ఇవి మిగిలాయి. లాటిన్ భాషలో ఇటుకను సూచించే మాట నుంచి 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ దీనికి ఆ పేరు పెట్టాడు. దీనిలో రంధ్రాలు ఎక్కువ. వాన నీరు లోపలికి దిగి, కింద నీటిని పోనివ్వని పొర తగిలినచోట ఊటగా బయటికి వస్తుంది. మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే.

తాండూరు వైపు నల్లరేగడి కథ వేరు. ఇందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని బీటలు వారుతుంది. కందికి ఇది చాలా మంచిది, తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని బంతి ఆటకు ఇది గడ్డు నేల. వానాకాలంలో బురద, ఎండాకాలంలో బీటలు.

ఈ తేడాను మీరే కొలవండి. రెండు వైపులా తెరిచిన ఒక పాత డబ్బాను 5 సెంటీమీటర్లు నేలలోకి దించండి. అందులో 10 సెంటీమీటర్ల ఎత్తు నీరు పోసి, అది ఇంకటానికి ఎంతసేపు పడుతుందో గడియారంలో చూడండి. నల్లరేగడిలో ఒక మెలిక ఉంది. ఎండాకాలంలో మొదటిసారి పోసిన నీరు బీటల్లోకి గబగబా దిగిపోతుంది. అది చూసి రేగడి బాగా నీరింకించుకుంటుందని రాసుకోవద్దు. రెండోసారి, మూడోసారి పోయండి. మన్ను ఉబ్బి బీటలు మూసుకోగానే నీరు నిలబడిపోతుంది. అసలు జవాబు అప్పుడే తెలుస్తుంది.

గ్రీన్ కింద నేలను మనుషులే పొరలు పొరలుగా కూరుస్తారు. 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం ప్రచురించిన పద్ధతిలో కింద సుమారు 10 సెంటీమీటర్లు గులకరాళ్లు, పైన 30 సెంటీమీటర్లు ఇసుక మిశ్రమం. గులకరాళ్ల మీది ఇసుక నుంచి నీరు వెంటనే జారిపోతుందనుకుంటున్నారా? పోదు. ఇసుక రేణువుల మధ్య సన్నని సందులు కేశనాళికల్లా నీటిని పట్టి ఉంచుతాయి. గులకరాళ్ల మధ్య సందులు పెద్దవి కాబట్టి నీటిని కిందికి లాగలేవు. ఇసుక అడుగుభాగం పూర్తిగా తడిసి, బరువు పెరిగినప్పుడే నీరు కిందికి దిగుతుంది. దాంతో వేళ్లకు తేమ నిలుస్తుంది, పెద్ద వాన కురిసినా బురద కాదు. ఒక గాజు గ్లాసులో గులకరాళ్లు, వాటి మీద పల్చటి గుడ్డ, ఆపైన ఇసుక వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పక్కనుంచి చూడండి. తడి గీత గులకరాళ్ల దగ్గర కాసేపు ఆగుతుంది.

తాండూరు బండ మీద గోటీ

ఇక ఘర్షణ సంగతి. ఒక గ్రీన్ ఎంత నున్నగా ఉందో ఎలా చెప్పటం? 1935లో అమెరికాలో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన దీనికి ఒక సాధనం తయారుచేశాడు. అది గాడి ఉన్న బద్ద, అంతే. దాని పైభాగంలో బంతి పెట్టి మెల్లగా ఎత్తుతారు. సుమారు 20 డిగ్రీల వాలు రాగానే బంతి గాడిలో జారి, ఎప్పుడూ ఒకే వేగంతో నేల మీదికి వస్తుంది. అక్కడినుంచి ఎంత దూరం దొర్లిందో అదే గ్రీన్ వేగం. పెద్ద పోటీల్లో ఈ దూరం 3 నుంచి 4 మీటర్ల దాకా ఉంటుంది.

మీరూ ఒకటి చేసుకోవచ్చు. అరమీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి గాడి చేయండి. ఒక చివర నేలకు ఆనించి, రెండో చివర ఒకే ఎత్తు పుస్తకాల మీద ఉంచండి. పైనుంచి గోటీని వదలండి. ఇంట్లో తాండూరు బండల మీద, సిమెంటు గచ్చు మీద, బడి మైదానంలో ఎంతెంత దూరం దొర్లిందో కొలవండి. వేగం ఒకటే కాబట్టి దూరం ఎంత ఎక్కువైతే నేల అడ్డుకునే బలం అంత తక్కువ. దూరం రెట్టింపైతే ఆ బలం సగమన్నమాట.

బండ కొద్దిగా వాలి ఉంటే ఎలా? అప్పుడు ఒకసారి పల్లానికి, ఒకసారి ఎత్తుకు దొర్లించాలి. పల్లానికి 6 మీటర్లు, ఎత్తుకు 3 మీటర్లు వచ్చాయనుకోండి. సగటు 4.5 మీటర్లని రాస్తే తప్పు. ఎత్తుకు పోయేటప్పుడు ఘర్షణకు గురుత్వాకర్షణ తోడవుతుంది. పల్లానికి పోయేటప్పుడు అది ఘర్షణ నుంచి తీసివేతవుతుంది. కాబట్టి సగటు తీయవలసింది దూరాలకు కాదు, అడ్డుకునే బలాలకు. రెండు దూరాల లబ్ధాన్ని రెట్టింపు చేసి, వాటి మొత్తంతో భాగించండి. 36ను 9తో భాగిస్తే 4 మీటర్లు. బండ చదునుగా ఉంటే గోటీ దొర్లేది అంతే దూరం.

నీళ్ల లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక హెక్టారు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే ఎంత? 10,000 లీటర్లు. మన ఎండాకాలంలో పచ్చిక రోజుకు 5 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేస్తుందనుకుందాం. మైదానంలో 25 హెక్టార్ల పచ్చికను తడపాలంటే రోజుకు 12 లక్షల 50 వేల లీటర్లు. గ్రామాల్లో మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు అందాలని జల్ జీవన్ మిషన్ లక్ష్యం. ఆ లెక్కన ఒక్క మైదానం తాగే నీరు 22 వేలమందికి పైగా సరిపోతుంది.

మూసీ నీరు అనంతగిరి నుంచి దిగి హైదరాబాద్ దగ్గర ఉస్మాన్‌సాగర్‌లోకి చేరుతుంది. 1908లో వచ్చిన భయంకరమైన వరద తరువాత కట్టిన ఈ జలాశయం 1920లో పూర్తయింది. పైన కొండల్లో ఎక్కువ నీరు తోడితే కిందికి తక్కువ వస్తుంది. పచ్చికకు ఎరువులు, మందులు ఎక్కువ చల్లితే అవీ వాన నీటితో కిందికే వస్తాయి. నేలను చదవటమంటే మన హద్దు దాకా చదివి ఆగిపోవటం కాదు.

అయితే నీరు లేకుండా ఆట లేదా? ఉంది. మన పొరుగున కోలార్ బంగారు గనుల్లో తెలుగువారు తరతరాలుగా పనిచేశారు. ఆ గనుల ఊళ్లోని పాత గోల్ఫ్ మైదానం గ్రీన్లకు బదులు బ్రౌన్లకు పేరుపొందింది. అంటే గుంట చుట్టూ పచ్చిక కాకుండా నూనె కలిపిన ఇసుకను పరిచి చదును చేసేవారు. ఇది పేదరికపు ఏర్పాటని చిన్నచూపు చూడనక్కరలేదు. అమెరికాలో డొనాల్డ్ రాస్ అనే మహా రూపశిల్పి గీసిన పైన్‌హర్స్ట్ రెండో మైదానం జగత్ప్రసిద్ధం. అందులో కూడా 1935 దాకా ఇసుక గ్రీన్లే ఉండేవి.

రెండో మార్గం, తడిపే చోటు తగ్గించటం. ఒక గ్రీన్ సుమారు 500 చదరపు మీటర్లు. 18 గ్రీన్లను మాత్రమే తడిపితే రోజుకు 45 వేల లీటర్లతో సరిపోతుంది. ఫెయిర్‌వేలను వానకు వదిలేయాలి. అవి ఎండాకాలంలో గోధుమరంగుకు తిరుగుతాయి. గరిక చావదు, తొలకరికి మళ్లీ లేస్తుంది. మూడో మార్గం, శుద్ధి చేసిన మురుగునీరు. మెకెంజీ నివసించిన పాసాటియెంపో మైదానం కరువుల వల్ల ఇబ్బంది పడి, 2017 నుంచి పక్క పట్టణపు మురుగునీటిని శుద్ధి చేసి వాడుకుంటోంది.

రాయిని వదిలేసిన చోటు, రాయిని తీసేసిన చోటు

హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గర బౌల్డర్ హిల్స్ అనే గోల్ఫ్ మైదానం ఉంది. దాన్ని పీటర్ హారడైన్ గీశాడు. ఆయన తండ్రి డొనాల్డ్ హారడైన్ కూడా యూరప్‌లో పేరున్న మైదాన రూపశిల్పి. అక్కడి గ్రానైట్ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ బండల మధ్యనుంచే ఆట సాగుతుంది. చుట్టూ నగరం పెరుగుతూ ఎన్నో బండల గుట్టలు పిండైపోయాయి. ఆట అడ్డంకిగానైనా కొన్ని మిగిలాయి.

తాండూరులో సమస్య తలకిందులుగా ఉంది. అక్కడ రాయిని ఇప్పటికే తీసేశారు. గుంతలు మిగిలాయి. అలాంటి చోట ఆటస్థలం వస్తే మంచిదేగా అనిపిస్తుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బే హార్బర్ అనే చోట మూతపడిన సిమెంటు కర్మాగారం, దాని గని ఉన్న నేల మీద 1990లలో గోల్ఫ్ మైదానం కట్టారు. గని గోడలే ఆటకు అందమయ్యాయి. కాని 2004లో ఒక సంగతి బయటపడింది. కింద పూడ్చిన సిమెంటు కొలిమి దుమ్ములోనుంచి గాఢమైన క్షార ద్రవం సరస్సులోకి ఊరుతోంది! పైన పచ్చిక పరిచినంత మాత్రాన కిందిది మాయం కాదు. దాన్ని పట్టి శుద్ధి చేసే పని ఏళ్ల తరబడి సాగింది.

ఈ పరీక్ష కూడా మీకు సాధ్యమే. ప్రయోగశాలలోని ఎర్ర లిట్మస్ కాగితం తీసుకోండి. రాతి పొడి కలిపి వడకట్టిన నీటిలో, చెరువు నీటిలో విడివిడిగా ముంచండి. నీలిరంగుకు తిరిగితే క్షారం ఉన్నట్టు. గుంతల అంచుకు మాత్రం పెద్దలు లేకుండా వెళ్లవద్దు.

అడగవలసిన ప్రశ్నలు

18 ఏళ్లు నిండగానే మీరూ గ్రామసభలో సభ్యులే. అప్పుడు మీ ఊరి పక్కన గోల్ఫ్ మైదానమో, మరో పెద్ద నిర్మాణమో వస్తుందనుకోండి. కావాలనో వద్దనో చెప్పేముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి: నేల వాలును అలాగే ఉంచుతారా, తవ్వి మారుస్తారా? రెండు: ఎన్ని హెక్టార్లు తడుపుతారు, రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు? మూడు: ఆ నీరు బోరుబావిదా, వాననీరా, శుద్ధి చేసిన మురుగునీరా? నాలుగు: ఇక్కడ పడిన వాన కింద ఎవరి చెరువులోకి పోతుంది?

జవాబుగా అంకెలు చెబితే నోటు పుస్తకం తీసి గుణించి చూడండి. అంకెలు చెప్పకపోతే మళ్లీ అడగండి. ఈలోగా ఈ వేసవిలో ఎర్రనేలలో ఒక డబ్బా, నల్లనేలలో ఒక డబ్బా దించి లెక్క రాసి పెట్టుకోండి. వానాకాలంలో అదే చోట మళ్లీ కొలిచి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.